కొలతెరిగిన పనివాడు

పాతబస్తీలో కోడిని కోసే మనిషి చేతిని ఒకసారి దగ్గరగా చూడాలి. చార్మినార్ నుంచి లాడ్ బజార్ మీదుగా పడమటికి నడిస్తే మెహబూబ్ చౌక్ వస్తుంది. 1892లో అస్మాన్ జా కట్టించిన గడియార స్తంభం అక్కడే ఉంది. తరతరాలుగా కోళ్లూ పావురాలూ అసీల్ పుంజులూ చేతులు మారిన ముర్గీ చౌక్ కూడా ఆ పక్కదే. అక్కడే అని ఏముంది, శాలిబండ నుంచి బార్కస్ దాకా ఏ గల్లీలోని చికెన్ సెంటర్‌కు పోయినా పని తీరు ఒకటే. హలాల్ చేసిన కోడి డ్రమ్ములో కొట్టుకోవడం ఆగాక బయటికి తీస్తారు. తోలు, బూరుతో సహా, రెండు గుంజుల్లో ఊడివస్తుంది. పొట్ట కింద చిన్న గాటు పడుతుంది. రెండు వేళ్లు లోపలికి పోతాయి, మణికట్టు కాస్త తిరుగుతుంది, పేగులన్నీ ఎక్కడా తెగకుండా ఒక్క కట్టగా బయటికొస్తాయి. “భాయ్, కార్జం, కందనకాయ కూడా వెయ్” అని కొనేవాళ్లు నోరు తెరిచేసరికే అవి పక్కన పడి ఉంటాయి. కార్జాన్ని అంటిపెట్టుకుని ఉండే పిత్తం తిత్తిని పగలకుండా గిల్లి పారేయడంలో అసలు నేర్పు ఉంది. అది పగిలితే కూరంతా చేదు.

ఆ పేగుల కట్టలో, చిన్నపేగు పెద్దపేగుతో కలిసే చోట, రెండు గుడ్డి సంచులు వేలాడుతుంటాయి. ఒక కొస తెరిచి, రెండో కొస మూసి ఉండే ముదురు రంగు గొట్టాలవి. పశువైద్యులు సీకా అంటారు. చిన్నపేగులో అరగని పీచు వీటిలో చేరి మెల్లగా పులుస్తుంది. కోళ్లు పెంచేవాళ్లకు దీని సంగతి తెలుసు: రోజులో చాలాసార్లు వేసే మామూలు రెట్టకూ, అప్పుడప్పుడు మాత్రమే పడే జిగురు జిగురు గోధుమరంగు రెట్టకూ తేడా వాళ్లు చూడగానే చెబుతారు. రెండోది ఈ సంచుల నుంచి వచ్చేది. కసాయి చేతిలో ఒక్క క్షణం మెరిసి చెత్తబుట్టలోకి పోయే ఆ సంచుల్లో కాపురముండే ఒక బాక్టీరియా పేరు హెలికోబాక్టర్ పుల్లోరమ్. హైదరాబాద్ కోళ్ల నుంచే దాన్ని బయటికి తీసి, దాని జన్యువులన్నీ చదివి, 2017లో లోకానికి చూపించారు హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు. ఆ పత్రం చదివాక నాకు దీని పట్ల కలిగిన భావం భయం కన్నా మెప్పుదలకే దగ్గర. ఒక జీవి తానుండే చోటికి ఎంత కొలత ప్రకారం తయారవుతుందో చూడాలంటే ఇంతకన్నా మంచి నమూనా నాకు కనిపించలేదు.

దీనికి పేరు పెట్టి మూడు దశాబ్దాలే అయింది. 1994లో జె.స్టాన్లీ, డి.లింటన్, ఎ.పి.బర్నెన్స్ తదితరులు కోళ్ల నుంచీ, విరేచనాలతో బాధపడుతున్న మనుషుల నుంచీ తీసిన కొన్ని బాక్టీరియాలను పక్కపక్కన పెట్టి, ఇవి ఇంతవరకు ఎవరూ వర్ణించని ఒకే జాతివని తేల్చారు. అప్పటిదాకా ఇవి లేవని కాదు. ల్యాబుల్లో కాంపైలోబాక్టర్ అనే దగ్గరి చుట్టం పేరు మీద చెలామణీ అవుతుండేవి. చూపుకు రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే రకం గాలి కోరుకుంటాయి, మామూలు రసాయన పరీక్షల్లో ఒకటే జవాబు ఇస్తాయి. ఇవాళ్టికీ జన్యు పరీక్ష చేయకుండా వీటిని విడదీయడం కష్టమే.

ఆకారం చూద్దాం. సన్నని కడ్డీ, కొద్దిగా వంపు. పొడవు మూడు నాలుగు మైక్రాన్లు, లావు అర మైక్రాన్‌లోపే. ఒక కొసన ఒకే ఒక్క తోక. పాఠ్యపుస్తకాలు కశాభం అనేది దీన్నే. ఇంతే. చూడ్డానికి ఏమీ లేదనిపిస్తుంది. దీని పనితనం తెలియాలంటే ఏమేం ఉన్నాయన్నదాని కన్నా ముందు ఏమేం పెట్టుకోలేదన్నది చూడాలి. అందుకు దీని ప్రసిద్ధ దాయాది కావాలి: మన కడుపులో పుండ్లు పుట్టించే హెలికోబాక్టర్ పైలోరీ.

పైలోరీ కథ చాలామందికి తెలిసిందే. ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ 1982లో దాన్ని పెంచగలిగారు. ఈస్టర్ సెలవుల వల్ల ప్లేట్లు మామూలు కన్నా ఎక్కువ రోజులు ఇంక్యుబేటర్‌లో ఉండిపోవడంతో అది మొలిచింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. పైలోరీ బతికేది జీర్ణాశయంలో, ఆమ్లం మధ్య. కాబట్టి అది రెండు ఏర్పాట్లు చేసుకుంది. ఒకటి యూరియేజ్ అనే ఎంజైమ్. యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా పుట్టించి, తన చుట్టూ ఆమ్లాన్ని విరిచేస్తుంది. గ్యాస్ట్రో డాక్టర్లు ఊదించే శ్వాస పరీక్ష పట్టుకునేది ఈ ఎంజైమ్ పనినే. రెండోది, తోకల మీద ఒక తొడుగు.

పాతబస్తీకి పైలోరీ కొత్త కాదు. కంచన్‌బాగ్‌లోని దక్కన్ కాలేజ్ ఆఫ్ మెడికల్ సైన్సెస్‌లో సి.ఎం.హబీబుల్లా బృందం ఏళ్ల తరబడి దాని మీద పనిచేసింది. ఇంట్లో వాడే నీరు, ఇంటి శుభ్రతకూ ఈ బాక్టీరియా వ్యాప్తికీ ఉన్న సంబంధం మీద 2007లో వాళ్లు అచ్చేసిన పరిశోధన మన నగర జనాభా గురించినదే. ఆ పనుల్లో భాగం పంచుకున్న నియాజ్ అహ్మద్ తరవాత హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో నడిపిన ప్రయోగశాలే కోడి బాక్టీరియా జోలికీ వెళ్లింది. మనిషి కడుపు నుంచి కోడి పేగుకు ఈ దారి పడటంలో ఆశ్చర్యం లేదు. రెండూ ఒకే కుదురు.

పుల్లోరమ్‌కు యూరియేజ్ లేదు. తోక మీద తొడుగు లేదు. కోడి జీర్ణాశయం దాటి, పేగు చివర ఆ గుడ్డి సంచిలో ఉండే జీవికి ఆమ్లం బెడద ఎక్కడిది? యూరియేజ్ చేయాలంటే బోలెడంత సరంజామా కావాలి, అందులో నికెల్ లోహాన్ని సమకూర్చుకునే పని ఒకటి. అదంతా ఈ జీవి భుజాన వేసుకోలేదు. హెలికోబాక్టర్ కుటుంబంలో ఎక్కువ జాతులకు తోక మీద తొడుగు ఉంటుంది. లేని కొద్దిమందిలో ఇది ఒకటి. మరి దీనికేం కావాలి? పేగులోకి పిత్తరసం దిగుతుంది. పిత్తం సబ్బు చేసే పనే చేస్తుంది, బాక్టీరియా పైపొరలోని కొవ్వును కరిగిస్తుంది. పుల్లోరమ్ దానికి తట్టుకుంటుంది. కోడి ఒంటి వేడి మన కన్నా ఎక్కువ, 41, 42 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఈ బాక్టీరియా 42 డిగ్రీల దగ్గర హాయిగా పెరుగుతుంది, 37 దగ్గర కూడా పెరుగుతుంది. కోడికీ మనిషికీ మధ్య ఉన్న ఆ అయిదు డిగ్రీల తేడా దీనికి గడప లాంటిది కూడా కాదు. సంచి లోపల ఆక్సిజన్ బాగా తక్కువ. గాలి పూర్తిగా ఉంటే బతకదు. కొంచెం ఉండాలి, ఎక్కువ ఉండకూడదు. హైడ్రోజన్ కూడా ఉంటే మరీ బాగా పెరుగుతుంది. పులిసే పీచు నుంచి హైడ్రోజన్ పుడుతుంది, సంచిలో దానికి కొదవ లేదు.

తోక సంగతి ఇంకాస్త చెప్పాలి. బాక్టీరియా తోక కొరడాలా ఊగదు. మొదట్లో ఒక మోటారు ఉంటుంది, అది తిరిగితే తోక తిరుగుతుంది. పొర బయటి నుంచి లోపలికి పారే ప్రోటాన్లే దానికి కరెంటు. ఆ చక్రాన్ని తిప్పే ప్రోటీన్ ముక్కలు దాని చుట్టూ వలయంగా అమరి ఉంటాయి. 2016లో మోర్గాన్ బీబీ బృందం అతిశీతల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఈ మోటార్లను పక్కపక్కన పెట్టి పోల్చింది. సాల్మొనెల్లాలో అలాంటి ముక్కలు 11 ఉన్నాయి, పుల్లోరమ్‌కు దాయాది అయిన కాంపైలోబాక్టర్ జెజునైలో 17. తరవాతి కొలతల్లో పైలోరీలో 18 కనిపించాయి. వలయం వెడల్పయ్యేకొద్దీ తిప్పే బలం పెరుగుతుంది. సాల్మొనెల్లా పలచని ద్రవంలో ఈదుతుంది. ఈ కుటుంబం వాళ్లు బతికేది పేగు గోడ మీది చిక్కటి జిగురులో. అందులో ముందుకు పోవాలంటే బలం కావాలి. సన్నని వంపు కడ్డీ, కొసన ఒక్క తోక, ఆ తోక మొదట్లో బలమైన మోటారు: జిగురులో దారి చేసుకోవడానికి ఇంతకన్నా తక్కువ సామానుతో పని జరగదు.

ఈ సన్నదనాన్నే, ఈ ఈతనే ఆధారం చేసుకుని ల్యాబుల్లో దీన్ని పట్టుకుంటారు. కోడి పేగులో ఉన్నవన్నీ ప్లేటు మీద పోస్తే ఇ.కొలై వంటి గబగబా పెరిగేవి ఒక్క రాత్రిలో ప్లేటంతా ఆక్రమిస్తాయి. మెల్లగా, చిన్నగా పెరిగే పుల్లోరమ్‌కు చోటే మిగలదు. అందుకని ఒక తెలివైన పద్ధతి వాడుకలోకి వచ్చింది. రక్తం కలిపిన అగార్ ప్లేటు మీద సన్నని వడపోత కాగితం పరుస్తారు. దాని రంధ్రాలు అర మైక్రాన్‌కు అటూ ఇటూ ఉంటాయి. దాని మీద నమూనా చుక్కలు వేసి గంట సేపు వదిలేస్తారు. లావుపాటివి పైనే ఉండిపోతాయి. సన్నగా ఉండి, ఈదగలిగినవి రంధ్రాల్లోంచి దూరి కిందికి దిగుతాయి. కాగితం తీసి పారేసి, ప్లేటును మూత బిగించే జాడీలో పెడతారు. లోపల గాలి మామూలు గాలి కాదు: ఆక్సిజన్ అయిదు శాతం దాకా తగ్గించి, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ పెంచినది. మూడు రోజులో, ఇంకా ఎక్కువో ఓపిక పట్టాలి. అప్పటికి కనిపించేవి ఎంత చిన్న చుక్కలంటే, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుని చూస్తే తప్ప ప్లేటు ఖాళీగా ఉందనుకుంటాం. జాడీ మూత సరిగా పడకపోయినా, ప్లేటు బయట కాసేపు ఎక్కువ ఉన్నా మళ్లీ మొదటి నుంచే. దీన్ని పెంచడం కూడా ఒక చేతిపనే. పరిశోధన పత్రాల్లో అది రెండు వాక్యాల్లో అయిపోతుంది.

షమ్సుల్ ఖమర్, నియాజ్ అహ్మద్, వాళ్ల సహచరులు హైదరాబాద్‌లోని చిల్లర కోళ్ల మార్కెట్ల నుంచి, అంటే మనం రోజూ నిలబడే దుకాణాల వంటి చోట్ల నుంచి, బ్రాయిలర్ కోళ్లూ నాటుకోళ్లూ రెంటి నమూనాలూ తెచ్చారు. 11 పుల్లోరమ్‌లను వేరుచేసి, ఒక్కొక్క దాని జన్యు పాఠాన్ని మొదటి నుంచి చివరి దాకా చదివారు. ఈ పాఠం ఇంచుమించు 20 లక్షల అక్షరాలు. ఇ.కొలై పాఠం దీనికి రెట్టింపు పైన. ఇక్కడా పుల్లోరమ్ పొదుపరే. అప్పటికి ప్రపంచంలో అందుబాటులో ఉన్న మిగతా పుల్లోరమ్ జన్యు పాఠాలు కలిపితే మొత్తం 16 అయ్యాయి. వాటిని 17 ఇతర హెలికోబాక్టర్ జాతులతో పోల్చారు. మరే జాతిలోనూ లేని, పుల్లోరమ్‌కే సొంతమైన జన్యువులు సగటున ఒక్కొక్క దానిలో 535 లెక్కకొచ్చాయి.

వాళ్లకు దొరికిన ఫలితాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇది. బ్రాయిలర్ కోళ్ల నుంచి వచ్చిన పుల్లోరమ్‌లు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉన్నాయి. నాటుకోళ్ల నుంచి వచ్చినవి ఒక్కొక్కటీ వేరు. లాడ్ బజార్ దుకాణంలో ఫిరోజాబాద్ నుంచి దిగిన గాజు గాజులు డజన్ల కొద్దీ ఒకే అచ్చులో ఉంటాయి, పక్కనే చేత్తో రాళ్లు పొదిగిన లక్క గాజుల జతలో కూడా రెండు పోలవు. ఆ తేడా ఇక్కడా కనిపించింది. బ్రాయిలర్ షెడ్డు ఎలా నడుస్తుందో తెలిసినవాళ్లకు కారణం ఊహించడం కష్టం కాదు. ఒకే హేచరీ నుంచి ఒకే రోజు పుట్టిన వేల పిల్లలు, ఒకే దాణా, ఒకే నీటి గొట్టం, ఆరు వారాల్లో బరువు చేరగానే లారీ. అలాంటి చోట ఒక రకం నిలదొక్కుకుంటే మిగతావాటికి చోటుండదు. నాటుకోడి అలా కాదు. పెంటకుప్ప గీకుతుంది, పశువుల కొట్టంలో తిరుగుతుంది, పక్కింటి కోళ్లతో కలుస్తుంది, సంతకు పోయి వస్తుంది. దాని పేగులో రకరకాల చోట్ల నుంచి వచ్చినవి కలుస్తాయి, జన్యువులు ఇచ్చిపుచ్చుకుంటాయి. బాక్టీరియాలను తినే వైరస్‌లు, ఫేజ్‌లు, ఆ ఇచ్చిపుచ్చుకోవడానికి మోతగాళ్లు. ఈ పుల్లోరమ్‌ల జన్యువుల మధ్య అలాంటి ఫేజ్‌ల ఆనవాళ్లు ఒకటి మొదలు తొమ్మిది దాకా దొరికాయి.

ఇక్కడ మన నగరంలో బాగా పాతుకుపోయిన ఒక నమ్మకం గురించి ఒక మాట. “నాటుకోడి అయితే మందులుండవు, స్వచ్ఛం” అని రెట్టింపు ధర పెట్టి కొంటాం. రుచి విషయంలో నాకు అభ్యంతరం లేదు. ఎముక గట్టిది, కూర చిక్కనిది. బాక్టీరియా విషయంలో మాత్రం ఈ 11 చెప్పింది వేరు. నాటువైనా బ్రాయిలర్‌వైనా అన్నీ ఒకటికి మించిన యాంటీబయాటిక్ తరగతులకు లొంగనివే. పైగా ఆయా రకానికే పరిమితమైన జన్యువులు నాటుకోళ్ల వాటిలోనే ఎక్కువ, సగటున 34.

లొంగని మందుల జాబితా చూస్తే మన మెడికల్ షాపు అల్మరా గుర్తొస్తుంది: ఫ్లోరోక్వినలోన్‌లు, సెఫలోస్పోరిన్‌లు, సల్ఫా మందులు, ఎరిత్రోమైసిన్ కుటుంబానికి చెందిన మాక్రోలైడ్‌లు. అక్కర్లేనిది ఏదీ మోయని జీవి ఇది అని ఇందాక చెప్పుకున్నాం. యూరియేజ్ లేదు, తొడుగు లేదు, జన్యు పాఠం పొట్టిది. అలాంటిది మందులకు తట్టుకునే జన్యువులు ఒక్కొక్కటి అయిదారు మోసుకు తిరుగుతోందంటే, అది ఉండే చోట వాటి అవసరం ఉందనే అర్థం. దీని పనిముట్ల సంచీలో ఏముందో చూస్తే కోళ్ల షెడ్డు మందుల చిట్టా చదివినట్టే.

ఆ పనిముట్లను ఒక్కొక్కటీ చూడండి. మొదటిది పంపు. ఆర్.ఎన్.డి. రకం పంపు అంటారు. బాక్టీరియాకు రెండు పొరలు, మధ్యలో సందు. ఈ పంపు మూడు భాగాలుగా ఆ లోపలి పొర నుంచి బయటి పొర దాకా సాగి ఉంటుంది. లోపలి భాగంలో ఒకే రకం ప్రోటీన్లు మూడు వలయంగా కూర్చుంటాయి. ఇ.కొలైలో ఇలాంటి పంపును 2006లో స్ఫటిక చిత్రాల్లో చూసినప్పుడు దాని పని తీరు బయటపడింది. మూడింటిలో ఒకటి మందు అణువును లోపలికి రానిస్తుంది, రెండోది పట్టుకుంటుంది, మూడోది గొట్టంలోకి నెట్టేస్తుంది. ప్రోటాన్ల బలంతో ఆ వంతు ఒకదాని నుంచి మరొకదానికి మారుతూ పోతుంది. ఏదీ చుట్టూ తిరగదు. వంతులే తిరుగుతాయి. ఒకదానికొకటి పోలిక లేని పలు మందులను, పిత్త లవణాలను సైతం, ఒకే పంపు బయటికి తోసేయగలగడం దీని గొప్పతనం. పిత్తంలో బతకడానికి పేగు బాక్టీరియాలు ఎప్పుడో తయారుచేసుకున్న పనిముట్టు మన మందులకూ పనికొచ్చింది.

రెండోది కోసే ఎంజైమ్. పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబాలన్నిటికీ మధ్యలో నాలుగు పరమాణువుల చతురస్ర వలయం ఒకటి ఉంటుంది. అది తెగితే మందు వట్టిది. ఈ హైదరాబాద్ పుల్లోరమ్‌లు ఆ వలయాన్ని కోసే, అదీ విస్తృతంగా కోసే ఎంజైమ్‌లు తయారుచేస్తున్నాయి. దీనికి విరుగుడుగా డాక్టర్లు క్లావులానిక్ యాసిడ్ కలిపి ఇస్తారు. అమాక్సిసిలిన్‌తో కలిపి అమ్మే మాత్ర మన ఇళ్లల్లో అందరూ ఎప్పుడో ఒకప్పుడు మింగినదే. స్ట్రెప్టోమైసిస్ క్లావులిజెరస్ అనే మరో బాక్టీరియా నుంచి తీసిన పదార్థం అది. ఆ ఎంజైమ్‌ను ఎరలా ఆకర్షించి, దాని కోత చోటునే పట్టేసి కదలకుండా చేస్తుంది. వీటి మీద అదీ పనిచేయలేదు.

మూడోదానికి పనిముట్టు కూడా అక్కర్లేదు. సిప్రోఫ్లోక్సాసిన్ బాక్టీరియా డి.ఎన్.ఎ. మెలికలు విప్పే గైరేజ్ అనే ఎంజైమ్‌ను పట్టుకుని చంపుతుంది. ఇటలీలోని బొలోన్యా పరిశోధకులు సిప్రోకు లొంగని పుల్లోరమ్‌లను చూస్తే, ఆ గైరేజ్ జన్యువులో ఒక్క అక్షరం మారి ఉంది. 84వ స్థానంలో థ్రియోనిన్ బదులు ఐసోల్యూసిన్ వచ్చింది. 20 లక్షల అక్షరాల్లో ఒక్కటి మారితే చాలు, మందు పట్టు జారిపోతుంది, గైరేజ్ పని మాత్రం చెడదు. పొదుపుగా పని చేయడమంటే ఏమిటో చూపించమంటే నేను దీన్నే చూపిస్తాను.

కోళ్లకు ఇచ్చే ఎన్రోఫ్లోక్సాసిన్ కోడి ఒంట్లోకి పోయాక కొంత భాగం సిప్రోఫ్లోక్సాసిన్‌గానే మారుతుంది. అమెరికా 2005లో కోళ్లకు దాన్ని ఇవ్వడం నిషేధించింది, ఇలాంటి నిరోధకత మనుషులకు చేరుతుందన్న కారణం మీదే. మన దేశం 2019లో పశువులకూ కోళ్లకూ కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడకాన్ని నిషేధించింది. హైదరాబాద్‌కు ఈ కథలో ఇంకో పాత్ర కూడా ఉంది. ప్రపంచానికి సిప్రో తయారుచేసి పంపే ఊళ్లలో ఇదొకటి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్త జోకిమ్ లార్సన్ బృందం పటాన్‌చెరు దగ్గర మందుల కంపెనీల మురుగును శుద్ధిచేసి వదిలే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉందని కొలిచి చూపింది. అది రోగి రక్తంలో మందు పనిచేసేటప్పుడు ఉండే మోతాదుకు ఎన్నో రెట్లు. ఆ నీటికీ ఈ కోళ్లకూ ముడి పెట్టడం లేదు. మందులు కోళ్ల దాణాలోనే కాక ఊరి నీళ్లలోనూ కలిసిపోయిన నగరంలో ఈ పనంతా జరిగిందని మాత్రం చెప్పాలి.

దీనికి ఇంకో చేతిపని ఉంది. మన ఒంట్లో ప్రోటీన్లకు చక్కెర గొలుసులు అతికించినట్టే ఇదీ తన ప్రోటీన్లకు అతికిస్తుంది. చాలాకాలం బాక్టీరియాలకు ఆ విద్య రాదనుకున్నారు. 1994లో దీనికి పేరు పెట్టిన బృందంలో ఉన్న డెన్నిస్ లింటన్, సహచరులతో కలిసి 2010లో పుల్లోరమ్ ఈ పని చేస్తుందని చూపించారు. కాంపైలోబాక్టర్‌కు ఇందుకు ఒక ఎంజైమ్ ఉంటే దీనికి అలాంటివి రెండున్నాయి.

ఇక అన్నం తినే మాటకొస్తే. కచ్చీ బిర్యానీలో పచ్చి మాంసం మీద సగం ఉడికిన బియ్యం వేసి, మూత చుట్టూ పిండి రాసి దమ్ పెడతారు. లోపలి ఆవిరికి పుల్లోరమ్ ఏమాత్రం నిలవదు. గాలి ఎక్కువైనా తట్టుకోలేని సుకుమారం అది, మంటకెక్కడ నిలుస్తుంది? ప్రమాదం దమ్‌లో లేదు, కచుంబర్‌లో ఉంది. చికెన్ ముక్కలు కడిగిన గిన్నెలోనో, కోసిన చెక్క మీదనో అదే కత్తితో ఉల్లిపాయ, టమాట తరిగితే వండకుండా నేరుగా పళ్లెంలోకి వస్తుంది. పచ్చి చికెన్‌ను సింకులో కుళాయి కింద కడిగితే తుంపర్లు చుట్టుపక్కలంతా పడతాయి. కడగకపోతే ఎలా అని మా ఇంట్లో కూడా ఒప్పుకోరు. అలాంటప్పుడు నీళ్లు మెల్లగా వదిలి, పక్కన పళ్లేలూ కూరగాయలూ లేకుండా చూసుకోవడమే మార్గం.

ఇంతసేపూ ఈ జీవి అక్కర్లేనిది మోయదని చెప్పుకుంటూ వచ్చాను. దాని సంచీలో ఒక పనిముట్టు మాత్రం ఆ లెక్కకు లొంగదు. సైటోలీథల్ డిస్టెండింగ్ టాక్సిన్ అనే విషం. 2000లో డేవిడ్ షావర్, జేమ్స్ ఫాక్స్ తదితరులు దీన్ని పుల్లోరమ్‌లో గుర్తించారు. మూడు ప్రోటీన్ల జట్టు ఇది. రెండు ప్రోటీన్లు జంతు కణం పొరను పట్టుకుంటాయి, మూడోది లోపలికి పోయి, కేంద్రకం దాకా చేరి, డి.ఎన్.ఎ.ను తెంపుతుంది. దెబ్బతిన్న కణం విభజన ఆపేస్తుంది. చీలలేక ఉబ్బుతూ ఉబ్బుతూ చివరికి చస్తుంది. కోడి పేగులో గొడవ చేయకుండా కాపురముండే జీవికి ఇంత కర్కశమైన కత్తెందుకు? చాలా కోళ్లలో ఇది ఏ లక్షణమూ చూపించదు. అయితే గుడ్లు పెట్టే కోళ్లలో కార్జం మీద మచ్చలు పడే జబ్బుతో దీనికి సంబంధం కనిపించింది. బహుశా ఆ కత్తి పదును అక్కడ తేలుతుందేమో.

మనుషుల విషయంలో సాక్ష్యం రెండు వైపులా లాగుతుంది. విరేచనాల రోగుల నుంచి దీన్ని తీసిన సందర్భాలు 1994 నుంచీ ఉన్నాయి. 1998లో జేమ్స్ ఫాక్స్ బృందం చిలీ దేశంలో పిత్తాశయం దీర్ఘకాలంగా వాచిన రోగుల పిత్తరసంలో దీని డి.ఎన్.ఎ. కనిపెట్టింది. పిత్తానికి తట్టుకునే జీవి పిత్తాశయంలో కనిపించడం వింతేమీ కాదు. కానీ 2005లో బెల్జియంలోని ఘెంట్ పరిశోధకులు పేగు జబ్బున్నవాళ్లనూ ఆరోగ్యంగా ఉన్నవాళ్లనూ పక్కపక్కన పెట్టి వెతికితే, రెండు వర్గాల్లోనూ నాలుగు శాతం చుట్టుపక్కలే దొరికింది. రోగుల్లో ఎక్కువ ఉంటే నేరం రుజువయ్యేది. అలా కాలేదు. అందుకే ఈ విషయం మీద పనిచేసేవాళ్లు “మనుషులకు సోకే అవకాశం ఉన్న” అనే మాటను దాటి ముందుకు పోరు, హైదరాబాద్ పత్రం కూడా అక్కడే ఆగింది. ఆసుపత్రి ల్యాబులో విరేచనాల నమూనా వస్తే సాల్మొనెల్లా, షిగెల్లా చూస్తారు, వీలుంటే కాంపైలోబాక్టర్ చూస్తారు. వడపోత కాగితం, హైడ్రోజన్ కలిపిన జాడీ, మూడు రోజుల ఓపిక రొటీన్ పనిలో ఇమడవు. ఇవన్నీ సమకూరి, మొలిచిన చుక్కకు జన్యు పరీక్ష కూడా చేస్తే తప్ప రిపోర్టులో పుల్లోరమ్ పేరు రాదు.